రెండిళ్ళ కూడు

మొన్న ప్రొద్దుటూరులో చీర కొనడానికి పోతే, ఆ కొట్లో గోడకు తగిలించిన టీవీలో కోటు వేసుకున్న ఒకాయన కువైట్ విదేశాంగ విధానం గురించి మాట్లాడుతున్నాడు. అది చిన్న దేశమట. చుట్టూ పెద్ద పెద్ద దేశాలట. అయినా అందరితో మంచిగా ఉంటూ, కొట్లాడుకునేవాళ్ళ మధ్య రాజీలు కుదురుస్తూ, ఎవరి పక్షమూ పట్టకుండా నెట్టుకొస్తోందట. "చిన్నవాళ్ళకు ఉండాల్సిన తెలివి ఇదే" అని చెప్పి నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కొట్టాయన నా మొహం చూసి, "ఏం టీచరమ్మా, ఈ రంగు బాగలేదా?" అన్నాడు.

"రంగు బాగుండాది. ఆ కోటాయన మాటలే బాగలేవు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. టీవీ కట్టేసి ఇంకో చీర విప్పాడు. ఆ చీరా వద్దని ఇంటికొచ్చేశాను. చిన్నవాళ్ళ తెలివి గురించి కోటు వేసుకుని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. ఆ తెలివితో బతకాలని చూసిన మనిషిని నేను ఇంట్లోనే చూశాను. ఆయన మా నాయన.

మా పేట జమ్మలమడుగు దాటాక మైలవరం డ్యామ్ వైపు ఉంటుంది. ఎగువూరికీ దిగువూరికీ సరిగ్గా మధ్యన. మా ముత్తాతల కాలంలో మిషను దొరలు వస్తే మావాళ్ళు బాప్తిస్మం తీసుకుని చిన్న చర్చి కట్టుకున్నారు. పక్కనే బడి పెట్టుకున్నారు. ఆ బడి తర్వాత సర్కారు బడి అయింది. అందులోనే మా నాయన అయివారు. మా వైపు బడి పంతులును అయివారు అంటారు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఎగువూరి పెద్దాయనది ఒక పార్టీ, దిగువూరి పెద్దాయనది ఇంకొక పార్టీ. ఎలక్షన్లను బట్టి జెండాలు అటుదిటూ ఇటుదటూ మారేవి గానీ పగ మాత్రం మారేది కాదు. వాళ్ళ చేన్లు తగలబడేవి, వీళ్ళ చీనీ తోటల్లో బత్తాయి చెట్లు తెల్లారేసరికి నరికి ఉండేవి. రెండూళ్ళలోనూ ఓట్లు సమానం. పంచాయతీ ఎటు మొగ్గాలన్నా మా పేట ఓట్లే దిక్కు. అందుకే ఇద్దరూ మమ్మల్ని పలకరించేవాళ్ళు. ప్రేమ ఉండి కాదు లెండి.

మా పేటకు ఒక కట్టుబాటు ఉండేది. నీళ్ళు ఎవరింట్లోనైనా తాగు, కూడు ఎవరింట్లోనూ తినొద్దు. ఎవరు పెట్టారో తెలియదు గానీ పిల్లలతో సహా అందరం పాటించేవాళ్ళం. ఆ ఊళ్ళలో పెద్దాయన ఇంటి ముందర కూర్చుని ఒక్క పూట తిన్నావంటే నువ్వు ఆయన మనిషివి. రేపు జీపు వచ్చి రమ్మంటే పోవాలి. తిన్న చేయి ఆయన కోసం లేవాలి. అందుకని పెండ్లయినా చావైనా మావాళ్ళు రెండూళ్ళకూ పోయేవాళ్ళు, చేతనైన పని చేసేవాళ్ళు, చెంబెడు నీళ్ళు తాగి వచ్చేవాళ్ళు. "నీళ్ళోళ్ళు వచ్చినారు" అని ఎగతాళి చేసేవాళ్ళు మమ్మల్ని. చేస్తే చేశారు. పైగా వాళ్ళు మాకు పెట్టే కూడు వసారాలో, ఆకులో. ఆ ఆకు మేమే ఎత్తుకుపోయి దిబ్బలో వెయ్యాలి. అట్లాంటి కూడు తినకపోవడమే మర్యాద అని మా అమ్మ అనేది.

మా అక్కను పులివెందులకు ఇచ్చారు. మా బావ అక్కడ బాడుగ జీపు నడిపేవాడు. ఎవరు పిలిస్తే వాళ్ళను ఎక్కించుకోవడమే ఆయన పని. ఒకనాడు జీపులో ఎక్కినవాడి మీద వేసిన బాంబు బావ మీద పడి ఆయన ప్రాణం తీసింది. మర్నాడు పేపర్లో బావను ఫలానా వర్గీయుడని రాశారు. స్టీరింగ్ పట్టుకున్నవాడికి వర్గమేమిటని నాయన ఎంత మందిని అడిగాడో. ఏడాది తిరక్కముందే అక్క కువైట్ పోయింది, వంటమనిషిగా.

అక్క పనిచేసే ఇంటాయన ఆ దేశపు విదేశాంగ శాఖలో పెద్ద అధికారి. అప్పట్లో ఫోన్లు ఎక్కడివి. సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికి అక్క క్యాసెట్లు ఇచ్చి పంపేది. ఆదివారం ఆరాధన అయిపోయాక నాయన చర్చి వసారాలో టేప్ రికార్డర్ పెట్టేవాడు. పేటంతా చుట్టూ చేరేది. అక్క గొంతు వినగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"నాయనా, నిన్న రష్యావోళ్ళు వచ్చినారు. ఈ పొద్దు అమెరికావోళ్ళు వచ్చినారు. ఇద్దరికీ అదే బిర్యానీ. నేను ఉప్పు గూడా మార్చలా" అని అక్క ఒక క్యాసెట్‌లో చెప్పింది. మా పేట నవ్వుతూనే ఉంది చాలాసేపు. ఇంకో క్యాసెట్‌లో దివానియా గురించి చెప్పింది. అంటే మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గది, మన రచ్చకట్టకు గోడలు కట్టి పరుపులు పరిచినట్టు ఉంటుందట. "ఈడ ఒక పద్ధతి ఉంది నాయనా. పని మీద వచ్చినోడు కాఫీ తాగకుండా కింద పెడ్తాడు. నీ పని అయినట్టేలే, తాగు అని మా అరబ్బాయన అంటేనే తాగుతాడు. మాట ఇయ్యందే గుక్క గూడా మింగరు."

నాయనకు ఈ క్యాసెట్లు ప్రాణం. రేడియోలో ఆ దేశం పేరు వస్తే చాలు, అన్నం ముందు నుంచి లేచి పోయేవాడు. పక్క రెండు దేశాలూ ఎనిమిదేళ్ళు కొట్టుకుంటుంటే మధ్యలో ఈ చిన్న దేశపు ఓడలు మునిగిపోతున్నాయి. అప్పుడు వాళ్ళు మా ఓడలు కాపాడమని ఇటు అమెరికానూ అడిగారు, అటు రష్యానూ అడిగారు. నాయన ఆ ముచ్చట పేటలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "ఒకర్నే అడిగితే ఇంకొకరికి కోపం వస్తాది. ఇద్దర్నీ అడిగితే ఇద్దరూ మనోళ్ళే. అట్ల బతకాల చిన్నోళ్ళు. సూడండి, అచ్చం మన పేట మాదిరే" అనేవాడు. చర్చి పెద్దలు తలలూపేవాళ్ళు. నేను అప్పటికి ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో పని చేస్తూ శని ఆదివారాలు పేటకు వచ్చేదాన్ని. మన పేట మాదిరి ఎట్లవుతుంది, వాళ్ళ ఇంట్లో నూనె బావులున్నాయి, మన ఇంట్లో ఏమున్నాయి అని అడిగితే, నీకు రాజకీయం తెలీదు అమ్మీ అనేవాడు.

తర్వాత ఒక శ్రావణమాసంలో పక్క దేశం ట్యాంకులు వేసుకుని వచ్చి తెల్లారేసరికి కువైట్‌ను మింగేసింది. యుద్ధంలో దుడ్లిచ్చి, రేవు వాడుకోమని ఇచ్చి ఆదుకున్న దేశాన్నే మింగేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, వాసాలు కాదు, ఇల్లే పీక్కున్నారు. నాయన రేడియో ముందు కూర్చుని లేవలేదు. ఆ తర్వాత అక్క దగ్గర నుంచి మాట లేదు, క్యాసెట్ లేదు. అక్కడి నుంచి బయటపడిన మా జిల్లా వాళ్ళు ఒకరిద్దరు వచ్చారని తెలిస్తే వాళ్ళ ఊళ్ళకు పోయి అడిగాం. అక్కను చూసినవాళ్ళు లేరు.

అమ్మ పొయ్యి ముట్టించడం మానేసింది. "నీ రేడియో అన్నీ చెప్తాది గదా, నా బిడ్డ యాడుందో చెప్పమను" అని నాయన మీద పడేది. అప్పుడే పేపర్లో ఒక ఫోటో పడింది. మన దేశపు మంత్రి ఒకాయన ఆ ఆక్రమించినవాడి దగ్గరికి పోయి కావలించుకున్న ఫోటో. నేను పేపర్ విసిరికొట్టాను. ఊరు దోచినవాణ్ణి కావలించుకునేదేమి విదేశాంగం. నాయన పేపర్ ఎత్తి మడత పెట్టాడు.

"మన జనం వాని చేతిలో ఉండారు అమ్మీ. కావలించుకోక ఏం చేస్తాడు" అన్నాడు. పేపర్ చంకలో పెట్టుకుని, "నేను గూడా పోవాల" అన్నాడు. ఎక్కడికో నాకు వెంటనే తెలిసింది. ఢిల్లీలో ఎవరైనా పట్టించుకుంటే అక్క పేరు పైకొస్తుంది. ఢిల్లీ దాకా మాట పోవాలంటే మా వైపు ఫోన్ ఉన్నది ఎగువూరి పెద్దాయన ఇంట్లోనే. నాయనను ఒంటిగా పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఆడబిడ్డ వెంట ఉంటే ఎవరూ చెయ్యెత్తరని నన్ను తోడు పంపింది.

ఎగువూరి పెద్దాయన పంచలో నవ్వారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్ట మీద ఆయన మనుషులు. మూలన బల్ల మీద ఫోన్, దాని మీద పువ్వులు కుట్టిన గుడ్డ కప్పి ఉంది.

"ఏంది అయివారా, దారి తప్పినావు?"

"పెద్ద బిడ్డ కోసరం వచ్చినానప్పా. కువైటులో చిక్కుబడింది. బతికుండాదో లేదో తెలీదు. మీరు ఢిల్లీకి ఒక మాట చెప్పిస్తే..."

"దాందేముంది. ఢిల్లీలో ఉండేది మనోళ్ళే గదా. రేపే మాట్లాడతా. అదో, ఫోన్ ఈడనే ఉంది సూడు." పెద్దాయన ఇంట్లోకి చూసి కేక వేశాడు. "అయివారికి కూడు పెట్టండి."

"నీళ్ళు చాలప్పా."

"నీళ్ళు మా ఎద్దులు గూడా తాగుతాయి. కూడు తిని అడుగు అయివారా. అప్పుడు నీ బిడ్డ మా బిడ్డ అయితాది."

కట్ట మీద అందరూ నాయన మొహమే చూస్తున్నారు. నాయన నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పటికే వసారాలో ఆకు వేశారు. రాగి సంకటి ముద్ద, నాటుకోడి పులుసు. బడి పిల్లలకు ప్రపంచ పటం చూపించే ఆ చేత్తోనే సంకటిని పులుసులో ముంచాడు. నన్ను కూడా తినమన్నారు. నాకు ఆకలి లేదన్నాను. నాయన తిని, ఆకు మడిచి, తానే తీసుకుపోయి దిబ్బలో వేసి చేతులు కడుక్కున్నాడు. కట్ట మీద ఒకడు, "ఇంగ మన అయివారే" అన్నాడు. ఆ మాటకు పెద్దాయన నవ్వాడు. నా ఒళ్ళు భగభగ మండింది గానీ నోరు మూసుకున్నాను, అక్క కోసం.

డ్యామ్ కాలువ కల్వర్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి పేటకు, ఒకటి దిగువూరికి. నాయన సైకిల్‌ను దిగువూరి దారికి తిప్పాడు.

"యాడికి నాయనా?"

"దిగువూరికి. ఈడ తిన్నానని తెలిస్తే పేట మొత్తం ఎగువూరిదైపాయె అనుకుంటారు. రేపు మన ఇండ్ల మీద పడ్తారు. ఆడ గూడా అడగాల. ఆడ గూడా తినాల. ఇద్దర్నీ అడిగితే ఎవురికీ కోపం ఉండదు. కువైటోళ్ళు అమెరికాను అడిగినారు, రష్యాను అడిగినారు..."

"నాయనా, వాళ్ళు పెట్టినోళ్ళు. మనం తింటాండాం. రెండూ ఒగటేనా? ఈడ రెండిళ్ళలో తిన్నోన్ని ఇద్దరూ తంతారు. ఇంటికి పోదాం రా."

నేను సైకిల్ వెనక నుంచి దిగి హ్యాండిల్ పట్టుకుని నిలబెట్టాను. ఆయన నా చేతిని మెల్లగా తీసేశాడు. "మీ అక్క ఆడ ఉంటే నేను ఈడ మంచోడనిపించుకుని ఏం చేయాల" అన్నాడు. మళ్ళీ వెనక కూర్చున్నాను.

దిగువూరి పెద్దాయన ప్రొద్దుటూరులో నూనె మిల్లు నడిపే మనిషి. మెత్తగా మాట్లాడతాడు. నాయన చెప్పిందంతా విన్నాడు. విని, "ఎగువూరికి గూడా పోయినావా?" అని అడిగాడు. నాయనకు అబద్ధం చెప్పడం రాదు. పోయినానప్పా అన్నాడు.

"తిన్నావా?"

"తిన్నా. మీరిద్దరూ పెద్దోళ్ళే. నాకు బిడ్డ కావాల."

"శానా మంచిది. అయితే ఈడ గూడా తినాల్సిందే. ఆడ సంకటి పెట్టింటారు, ఈడ వరి అన్నం తిను." తన మనుషులను చూసి కన్ను కొట్టాడు. అది నేను చూశాను. నాయన చూడలేదు, లేదా చూసీ చూడనట్టు ఉన్నాడు. ఆకు వేశారు. అన్నం కుప్పగా పోశారు. అరగంట కింద సంకటి తిన్న మనిషి. చాలంటే, "మా ఇంట్లో తక్కువ తింటే మాకు చిన్నతనం గదా" అని మళ్ళీ వడ్డించారు. చుట్టూ నిలబడి చూశారు. పెట్టడంలో కూడా మనిషిని కొట్టవచ్చని నాకు ఆనాడే తెలిసింది. నాయన చెమటలు కక్కుతూ ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిని లేచాడు. అక్క సంగతి ఢిల్లీకి చెప్పిస్తామని ఆయన కూడా మాట ఇచ్చాడు.

మేము పేట చేరేలోపే దిగువూరాయన ఎగువూరికి కబురు పంపాడు. "మీ అయివారు మా ఇంట్లో గూడా తిన్నాడు. అరిగిందో లేదో కనుక్కోండి."

పొద్దున్నే రెండు జీపులు వచ్చాయి. ఒకటి పేటకు ఆ కొసన, ఒకటి ఈ కొసన ఆగాయి. ఎగువూరివాళ్ళు నాయనను బడి ముందుకు పిలిచి, "తిన్నింటి వాసాలు లెక్కపెడ్తాండావా?" అని పిల్లల ముందరే అడిగారు. నేను అడ్డం నిలబడబట్టి చెయ్యి చేసుకోలేదు. సైకిల్‌ను మాత్రం గొడ్డలితో రెండు ముక్కలు చేశారు. దిగువూరివాళ్ళు దూరం నుంచి చూసి నవ్వుకుంటూ పోయారు. ఆ రోజు ఆ రెండు జీపులవాళ్ళూ ఎదురెదురుగా ఉండి కూడా ఒకరి జోలికి ఒకరు పోలేదు.

అసలు తమాషా తర్వాత జరిగింది. ఎన్నడూ ఎదురుపడని ఇద్దరు పెద్దాయనలూ జమ్మలమడుగులో ఒకచోట కూర్చుని రాజీపడ్డారు. పంచాయతీ ఎగువూరికి ఏకగ్రీవం. డ్యామ్ చేపల కాంట్రాక్టు దిగువూరికి. పోటీ లేనప్పుడు ఓట్లెందుకు, ఓట్లు లేనప్పుడు మా పేట ఎందుకు? ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆంబోతులు రాజీపడినా విరిగేవి లేగల కాళ్ళే. ఈ సామెత ఎవరూ పూర్తిగా చెప్పరెందుకో. ఆ ఏడు శనక్కాయ పీకడానికి రెండూళ్ళలో ఒక్కరు కూడా మా పేటవాళ్ళను కూలికి పిలవలేదు. పలకరించడమే మానేశారు. రాజీ కుదిరిన నెలలోనే నాయనను వీరపునాయునిపల్లె వైపు బదిలీ చేయించారు. ఇద్దరిలో ఎవరు చేయించారో తెలియదు. ఇద్దరూ కలిసే చేయించి ఉంటారు.

ఇంక పేట ఊరుకుంటుందా. చర్చిలో తరతరాలుగా మా ఇంటివాళ్ళదే వాక్యం చదివే వంతు. ఆ ఆదివారం నాయన లేచి నిలబడేసరికి ఇంకొకరు చదువుతున్నారు. "నీ బిడ్డ కోసరం పేటనంతా అమ్మేసినావు అయివారా" అని మొహం మీదే అన్నారు. నాయన వీరపునాయునిపల్లెలో చిన్న గది తీసుకుని, అన్నం తనే వండుకునేవాడు.

దసరా దాటాక బొంబాయి నుంచి టెలిగ్రాం వచ్చింది, అక్క వస్తోందని. పోస్టాఫీసు ఎగువూరిలో ఉంది. మాకంటే ముందు పెద్దాయనకే తెలిసింది. దిగువూరికి ఎట్లా తెలిసిందో మరి, అక్క జమ్మలమడుగు బస్టాండ్‌లో దిగేసరికి రెండు దండలు సిద్ధంగా ఉన్నాయి. ప్రొద్దుటూరు నుంచి ఫోటో తీసేవాణ్ణి కూడా పిలిపించారు. అమ్మ, నేను, వీరపునాయునిపల్లె నుంచి వచ్చిన నాయన ఈ జనం వెనక ఎక్కడో ఉన్నాం.

అక్క దిగింది. ఎముకలకు చీర చుట్టినట్టు ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఎగువూరివాడు దండ పట్టుకుని, "మా పెద్దాయన ఢిల్లీకి ఫోన్ చేసి నిన్ను తెప్పించినాడు పాపా" అన్నాడు. దిగువూరివాడు, "ఆయన కాదు, మా పెద్దాయన" అంటూ ఇంకో దండ ఎత్తాడు.

"ఎవురప్పా మీరు?" అంది అక్క. "నన్ను తెచ్చింది ఒక లారీ. గొర్రెల్ని ఎక్కించినట్ల మమ్మల్ని ఎక్కించుకోని ఎడారిలో వదిలిపెట్టినారు. గుడారాల్లో ఉన్నాం. ఆడికి మన విమానం వచ్చి, వరసలో నిలబడినోళ్ళనంతా ఎక్కించుకుంది. మా పక్క ఆడోళ్ళను గూడా మీరే తెప్పించినారా?"

దండలు కిందికి దిగాయి. ఎగువూరివాడు తగ్గలేదు. పెద్దాయన ఇంట్లో భోజనం వండించాం, వచ్చి తినేసి పో అన్నాడు. అక్క పక్కనున్న హోటల్లో గ్లాసు నీళ్ళు అడిగి తాగింది. "నీళ్ళు చాలు. కూడు మా ఇంట్లో తింటా" అంది. కట్టుబాటు మరిచిపోలేదు నా తల్లి. అప్పుడు వాడు కసిగా, "మీ నాయన మా ఇంట్లో తిన్నాడు. వాళ్ళింట్లో గూడా తిన్నాడు. అడుగు" అన్నాడు. అక్క నాయన వైపు చూసింది. నాయన తలవంచుకున్నాడు. అక్క ఆయన చేతిలోకి తన సంచి ఇచ్చి, "పోదాం పా నాయనా" అంది.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక అక్క నోరు విప్పింది. ట్యాంకులు వచ్చిన పొద్దున ఆ ఇంటాయన కుటుంబమంతా ఒక్క కారులో ఎక్కి సరిహద్దు దాటి వెళ్ళిపోయింది. ఇల్లు జాగ్రత్త అని తాళంచెవులు అక్క చేతిలో పెట్టారట. మనిషిని ఎక్కించుకోవడానికి కారులో చోటు లేదు, ఇల్లు కాయడానికి మాత్రం మనిషి కావాలి. ఆ తర్వాత ఆక్రమించినవాళ్ళు ఇంట్లో దూరారు.

"వాళ్ళలో ఒకాయన నాకు తెలుసు నాయనా. అంతకుముందు రెండు మూడు తూర్లు వచ్చి ఆ దివానియాలోనే తినిపోయినాడు. నేనే వండినా. నన్ను సూసి, బిర్యానీ చెయ్యి అన్నాడు. తిని, పరుపులు, ఫ్యానులు అన్నీ లారీకెత్తించినాడు."

నాయన, "అంతమందికి పెట్టినారే, ఒక్కరూ అడ్డం రాలేదా?" అని అడిగాడు.

"వస్తారంట. పెద్ద పెద్ద దేశాలన్నీ కూడుకుంటాండాయంట. ఆ బావులుండాయి గదా" అంది అక్క. నాయన లేచి బయటికి పోయాడు. ఆ టేప్ రికార్డర్ మళ్ళీ మా ఇంట్లో మోగలేదు.

అక్క చెప్పినట్టే పెద్ద దేశాలు వచ్చాయి, యుద్ధం జరిగింది, ఆ దేశం మళ్ళీ దాని వాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళకు నూనె ఉంది కాబట్టి వచ్చింది. మా పేట మా చేతికి ఎవరు తెచ్చిస్తారు? అక్క కూలికి పోదామంటే ఏ చేనిలోకీ రానివ్వలేదు. పులివెందులలో అత్తగారింటి తలుపు బావతోనే మూసుకుపోయింది. అట్లా ఉండగా ఆ అధికారి ఇంటివాళ్ళ నుంచి, ఇల్లు బాగు చేసుకున్నాం, వంటకు రమ్మని కబురు వచ్చింది. నేను ఎగిరిపడ్డాను. కారులో చోటివ్వని వాళ్ళింటికి మళ్ళీ ఏ మొహంతో పిలుస్తారు, నువ్వు ఏ మొహంతో పోతావు అన్నాను. అక్కకు కోపం రాలేదు. నాయన ముందర కూర్చుని మెల్లగా చెప్పింది.

"ఈడ ఉండాలనే వచ్చినా నాయనా. కానీ నన్ను రప్పించేదానికి నువ్వు ఈడ ఉన్నదంతా పోగొట్టుకున్నావు. ఇంగ నేను యాడ ఉండాల?"

అది నిష్ఠూరం కాదు. ఉన్న మాట. అందుకే నాయన తట్టుకోలేకపోయాడు. గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అక్క పోయేనాడు జమ్మలమడుగు బస్టాండ్‌కు నాయన, నేను పోయాం. అమ్మ రాలేనంది. ఆరోజు దండ పట్టుకొచ్చిన ఎగువూరివాడే బస్టాండ్ కట్ట మీద వక్కాకు నములుతూ కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు దండ లేదు.

"మళ్ళా పోతాండావా పాపా? పెద్దాయనకు చెప్పినావా? ఆయన ఒక మాట చెప్తే ఆడ నిన్ను ఇంగా బాగా సూసుకుంటారు. పోయిన తూరి తెప్పించింది గూడా ఆయనే గదా."

ఇన్ని నెలలుగా బిగబట్టుకున్నదంతా నా నోట్లోంచి ఊడిపడింది. "ఆ పొద్దు మా నాయన మీ ఇంట్లో తిని లేచినాక మీ పెద్దాయన ఫోన్ చేసినాడా లేదా? నిజం చెప్పు" అన్నాను.

వాడు సిగ్గుపడలేదు. వక్కాకు పక్కకు ఉమ్మి, మామూలుగా అన్నాడు. "ఫోనా? అప్పుడు ఫోన్ యాడ పలికింది. దిగువూరోళ్ళు తీగలు కోసి అప్పటికే శానా రోజులాయె."

గుడ్డ కప్పిన ఆ ఫోన్ నా కళ్ళ ముందు కదిలింది. అదో ఈడనే ఉంది సూడు అని వేలు పెట్టి చూపించిన మనిషి.

"మరి కూడు ఎందుకు పెట్టినారప్పా?" అని నాయన అడిగాడు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"పేటోళ్ళు మా ఇంట్లో తినేది ఎప్పుడన్నా సూసినామా అయివారా? దొరికినప్పుడు పెట్టల్ల గదా" అన్నాడు వాడు.

బస్సు వచ్చింది. అక్క ఆయన చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి ఎక్కింది. దుమ్ము సద్దుమణిగే దాకా నాయన అక్కడే నిలబడ్డాడు.

ఆ తర్వాత నాయన ఎవరింట్లోనూ కూడు ముట్టలేదు. చుట్టాలింట్లో కాదు, చర్చి పండుగలో కాదు. నా పెండ్లి ప్రొద్దుటూరులో జరిగింది. మగపెళ్ళివారు పక్కన కూర్చోబెట్టుకుని, బిడ్డనిచ్చిన ఇంట్లో ఒక్క ముద్ద తినమని బతిమిలాడారు. ఆకులో వడ్డించింది నేనే. నాయన ఆకు వైపు చూసి, గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి, లేచిపోయాడు.